ఏ జబ్బుకు ఏ ఆసుపత్రి: అవసరం పడకముందే ఇంట్లో తేల్చుకోవాల్సిన సంగతులు

పత్తికొండ, ఆలూరు, కోసిగి వైపు పల్లెల్లో రాత్రిపూట ఎవరికైనా ఒంట్లో బాగా లేకపోతే ముందు ఊళ్లోని ఆర్‌ఎంపీకి ఫోన్ చేస్తారు. ఆయన సూది వేసి, సెలైన్ పెట్టి చూస్తాడు. తెల్లారేసరికి తగ్గకపోతే ఆటో మాట్లాడుకుని ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ఒక నర్సింగ్ హోంకి తీసుకుపోతారు. అక్కడ రెండు రోజులు ఉంచుకుని, ఇది మా చేతుల్లో లేదు, కర్నూలుకు తీసుకుపోండి అంటారు. కర్నూలు పెద్దాసుపత్రికి చేరేసరికి చేతిలో డబ్బు అయిపోయి ఉంటుంది, జబ్బు ముదిరి ఉంటుంది. అక్కడ మనిషి పోతే "పెద్దాసుపత్రికి పోతే బతకరు" అనే మాట ఊరంతా పాకుతుంది. ఆ మాట విన్న ఇంకో కుటుంబం ఇంకాస్త ఆలస్యంగా బయలుదేరుతుంది.

మనవాళ్లను ముంచేది దూరం కంటే మధ్యలో ఆగే చోట్లేనని నా గట్టి నమ్మకం. ఆగిన చోట పనికొచ్చే వైద్యం జరిగితే ఆగడంలో తప్పు లేదు. జరగకపోతే ఆ గంటలు తిరిగి రావు. అందుకని ఈ జబ్బుకు కావాల్సిన మందు, మనిషి, మిషను ఎక్కడున్నాయో, అక్కడికి నేరుగా ఎలా పోవాలో ముందే తెలుసుకుని పెట్టుకోవాలి. అనంతపురం, కడప వైపు వాళ్లకూ ఇదే పద్ధతి, ఊళ్ల పేర్లు మారతాయంతే.

1. మీ ఊరి చుట్టూ ఏమున్నాయో కాగితం మీద రాసుకోండి

ఒక తెల్లకాగితం తీసుకోండి. ఊళ్లోని విలేజ్ క్లినిక్, మండలంలోని పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం), ఆ పైన సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం), ఏరియా లేదా జిల్లా ఆసుపత్రి, చివరికి మెడికల్ కాలేజీ ఆసుపత్రి, వరసగా రాయండి. ఒక్కోదాని పక్కన రాత్రిపూట బండిలో ఎంతసేపు పడుతుందో రాయండి. కిలోమీటర్లు రాయకండి. హొళగుంద రోడ్డు మీద ఇరవై కిలోమీటర్లూ హైవే మీద ఇరవై కిలోమీటర్లూ ఒకటి కాదు.

తర్వాత ఆశా అక్కనో ఏఎన్ఎమ్‌నో కూర్చోబెట్టుకుని ఈ ప్రశ్నలు అడగండి. పీహెచ్‌సీలో రాత్రి ఎవరుంటారు? పాముకాటు మందు ఉందా? ఈసీజీ తీస్తారా? సిజేరియన్ చేసే డాక్టరు, మత్తు డాక్టరు ఇద్దరూ ఉండే దగ్గరి ఆసుపత్రి ఏది? రక్తం ఎక్కడ దొరుకుతుంది? తలకు సీటీ స్కాన్ ఎక్కడ తీస్తారు? మత్తు డాక్టరు సంగతి తప్పకుండా అడగండి. బోర్డు మీద ముప్పై పడకలని రాసి ఉన్నా, మత్తు ఇచ్చేవాళ్లు లేని రోజు ఆపరేషన్ జరగదు.

పెద్ద ఆసుపత్రుల విషయం చాలామందికి సగమే తెలుసు. కర్నూలు సర్వజన ఆసుపత్రికి మన జిల్లాల వాళ్లే కాదు, తెలంగాణలోని గద్వాల వైపు నుంచీ వస్తారు. అనంతపురంలో సర్వజన ఆసుపత్రి, కడపలో రిమ్స్ ఉన్నాయి. బత్తలపల్లిలో ఆర్డీటీ వాళ్ల పెద్ద ఆసుపత్రి ఉంది. 1969 నుంచి అనంతపురం పల్లెల్లో పనిచేస్తున్న సంస్థ అది. కళ్యాణదుర్గం, కణేకల్లులో కూడా వాళ్ల ఆసుపత్రులున్నాయి. పుట్టపర్తి దగ్గర ప్రశాంతిగ్రాంలోని సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి 1991 నవంబర్‌లో మొదలైంది. గుండె ఆపరేషన్ దాకా అక్కడ రోగి దగ్గర డబ్బు తీసుకోరు. అయితే అది ముందుగా పోయి చూపించుకుని, తేదీ తీసుకుని చేయించుకునే పెద్ద ఆపరేషన్లకు పోవాల్సిన చోటు. పాముకాటుతో రాత్రికి రాత్రి పరిగెత్తాల్సిన చోటు కాదు.

ఇంకో మాట. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక "మనది నంద్యాల జిల్లా కదా, కర్నూలులో చేర్చుకుంటారా" అని అడిగేవాళ్లు కనిపిస్తున్నారు. ఆసుపత్రికి జిల్లా సరిహద్దు లేదు. ప్రాణం మీదికి వస్తే ఏ ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా చూడాల్సిందే. మంత్రాలయం, కౌతాళం వాళ్లు రాయచూరుకో బళ్లారికో, మడకశిర, హిందూపురం వాళ్లు బెంగళూరుకో, రాజంపేట, కోడూరు వాళ్లు తిరుపతికో పోవడం తరాలుగా ఉన్నదే. దగ్గరైతే పోండి. రాష్ట్రం దాటితే మన ఆరోగ్య కార్డు అక్కడ చెల్లుతుందో లేదో మాత్రం ముందే కనుక్కోండి.

2. గంటల్లో తేలే జబ్బులను విడిగా పెట్టుకోండి

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. మిగతా జబ్బులకు రేపు పోవచ్చు, వీటికి కుదరదు.

పాముకాటు. మన మెట్ట నేలల్లో, వేరుశనగ చేలల్లో, రాళ్ల గట్ల మీద చిన్నపింజరి ఎక్కువ. రక్తపింజరి, నాగుపాము, కట్లపాము కూడా ఉన్నాయి. మన ఆసుపత్రుల్లో ఇచ్చే విరుగుడు మందు ఈ నాలుగింటికీ కలిపి తయారుచేసింది ఒకటే. కాబట్టి పామును వెతికి, చంపి, సంచిలో వేసుకుని తీసుకుపోవాల్సిన పని లేదు. ఆ వెతుకులాటలోనే ఇంకొకరు కాటు తింటారు. కరిచిన కాలునో చేతినో కదపకుండా, విరిగిన ఎముకకు కట్టినట్టు ఒక బద్ద పెట్టి వదులుగా కట్టండి. వాపు రాకముందే మెట్టెలు, కడియాలు, గాజులు, ఉంగరాలు తీసేయండి. తాడుతో బిగించి కట్టకండి, బ్లేడుతో కోయకండి. మనిషిని నడిపించకండి.

ఇక్కడ మాత్రం దగ్గరి చోట ఆగడమే సరైన పని. పీహెచ్‌సీలో మందు ఉంటే మొదటి డోసు అక్కడే మొదలుపెట్టించి, అప్పుడు పెద్దాసుపత్రికి పోండి. మందు ఉందో లేదో దారిలోనే ఫోన్ చేసి కనుక్కోండి. డాక్టరు కొంచెం రక్తం తీసి గాజు గొట్టంలో పోసి ఇరవై నిమిషాలు కదపకుండా పెడతారు. గడ్డకట్టకపోతే పింజరి విషం ఎక్కినట్టు లెక్క. ఆ ఇరవై నిమిషాలు చూసి "ఏమీ చేయకుండా కూర్చున్నారు" అని గొడవపడకండి.

కట్లపాము సంగతి వేరు. నేల మీద పడుకున్నవాళ్లను రాత్రి కరుస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు, కాటు గుర్తు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, వాంతి చేసుకుంటారు, తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. అజీర్తి అనుకుని సోడా తాగించి కూర్చుంటే ఊపిరి ఆగిపోతుంది. కింద పడుకున్న మనిషికి కళ్లు వాలిపోతున్నాయంటే నేరుగా వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రి వైపు బండి తిప్పండి. మంత్రం వేసే పెద్దాయన మీద మీకు నమ్మకం ఉంటే ఫోన్‌లో వేయమనండి, మీ బండి మాత్రం ఆగకూడదు.

గుండెపోటు. ఛాతీ మధ్యలో బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో లాగే నొప్పి. షుగర్ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు నొప్పి లేకుండా ఆయాసం, నీరసంతోనే రావచ్చు. గ్యాస్ అనుకుని మాత్ర మింగి పడుకునేవాళ్లు మన దగ్గర చాలామంది. ముందు ఈసీజీ తీసే చోటికి పోవాలి. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ బయట కొంటే వేల రూపాయలవుతుంది. దాన్ని 2023 నుంచి రాష్ట్రంలోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే ఏర్పాటు మొదలైంది. మీకు దగ్గరలో ఏ ఆసుపత్రిలో ఆ ఇంజెక్షన్ ఇస్తారో మీ కాగితంలో రాసి పెట్టుకోండి. హైదరాబాద్, బెంగళూరు ఆలోచన ఆ ఇంజెక్షన్ పడిన తర్వాత.

పక్షవాతం. మూతి వంకరపోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడటం. ఇవి కనబడిన నాలుగున్నర గంటల లోపు, సీటీ స్కాన్ తీసి చూశాకే గడ్డ కరిగించే మందు ఇవ్వగలరు. స్కాన్ లేని చోట ఆగితే ఉపయోగం లేదు. చివరిసారి మనిషి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకో గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పండి. ఆకుపసరు నోట్లో పోయడం, నీళ్లు తాగించడం వద్దు. మింగలేని మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పురుగుల మందు. ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయకండి. బట్టలు మార్చి, ఒంటికి అంటిన మందును నీళ్లతో కడిగి, ఆ డబ్బా మాత్రం తప్పకుండా వెంట తీసుకుపోండి. దాని మీది పేరు చూసే డాక్టరు విరుగుడు నిర్ణయిస్తారు. పోలీసు కేసు అవుతుందని దాచిపెట్టే కుటుంబాలు ఉన్నాయి. తాగిన మందు పేరు దాస్తే వైద్యం తప్పుదారి పడుతుంది. ముందు మనిషి బతకాలి.

చిన్నపిల్లలు. డొక్కలెగరేయడం, పాలు తాగకపోవడం, పిలిచినా కళ్లు తెరవకపోవడం, ఫిట్స్. వీటిలో ఏ ఒక్కటి కనబడినా దిష్టి తీసి చూద్దాం అనుకోకుండా బయలుదేరండి.

3. ఆర్‌ఎంపీ దగ్గర ఎంతవరకు

ఆయన్ను తిట్టడం తేలిక. కానీ అర్ధరాత్రి తలుపు తడితే లేచి వచ్చేది ఆయనే, పంట వచ్చాక ఇద్దువులే అని అప్పు పెట్టేదీ ఆయనే. ఊళ్లో వాళ్లు ఆయన దగ్గరికి పోవడానికి కారణం అమాయకత్వం కాదు. కాబట్టి పోవద్దని నేను చెప్పను, ఒక గీత గీసుకోమంటాను.

చిన్న జ్వరం, దగ్గు, ఒళ్లునొప్పులకు ఒక మాత్ర ఇస్తే తీసుకోండి. ఇంజెక్షన్ మీరు అడగకండి. సూది పడితేనే తగ్గుతుందన్న నమ్మకం మనమే ఆయన చేత సూది వేయిస్తోంది. మోకాళ్ల నొప్పులకు ఏళ్ల తరబడి నొప్పి సూదులు వేయించుకుంటే కిడ్నీలు దెబ్బతింటాయి. ఒక్క పూటలో ఒళ్లంతా తేలికయ్యే సూదుల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు, దాంతో షుగర్ పెరుగుతుంది. జ్వరం మూడో రోజు దాటినా, గర్భిణి అయినా, ఏడాది లోపు పిల్లలైనా, పైన చెప్పిన గంటల జబ్బు ఏదైనా అది ఆయన పని కాదు. పైకి పంపేటప్పుడు ఆయన ఒక ప్రైవేటు ఆసుపత్రి పేరే పట్టుబట్టి చెబితే, ఎందుకు అదే అని అడగండి. కొన్నిచోట్ల పంపినందుకు కమీషన్ ముడుతుంది.

నాటువైద్యం గురించి రెండు మాటలు. చెయ్యి విరిగితే పుత్తూరు కట్టుకు పోవడం మన రాయలసీమలో మామూలే. ఎముక బయటికి వచ్చినా, గాయం నుంచి రక్తం కారుతున్నా, వేళ్లు చల్లబడి తిమ్మిరెక్కినా, పిల్లల మోచేతి దగ్గర విరిగినా కట్టుకు పోకండి, ఎముకల డాక్టరు దగ్గరికే పోండి. కట్టు కట్టించుకున్నాక వేళ్లు నల్లబడుతుంటే అప్పటికప్పుడు విప్పించండి. పసిరికలకు, అంటే కామెర్లకు, చాలామంది పసరు తాగుతారు, చేతికి వాత పెట్టించుకుంటారు. గర్భిణికి కళ్లు పచ్చబడితే మాత్రం ఆ రోజే పెద్దాసుపత్రి. కామెర్లలో ఒక రకం గర్భిణుల ప్రాణం తీస్తుంది.

4. ఇంట్లో ఎవరు "పదండి" అనాలో ముందే ఒప్పుకోండి

నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఇదే. మగవాళ్లు సుగ్గికి గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోయి ఉంటారు. ఇంట్లో అత్త, కోడలు, పిల్లలు. కోడలికి రక్తస్రావం అవుతుంటే, మామకు ఫోన్ చేసి, ఆయన అన్నను అడిగి, అన్న మేస్త్రీ దగ్గర అడ్వాన్సు అడిగి, అప్పుడు నిర్ణయం జరుగుతుంది. ఈలోగా రెండు గంటలు పోతాయి.

ఒక సాయంత్రం ఇంట్లో అందరూ కూర్చుని ఒప్పుకోండి: గంటల జబ్బు వస్తే ఇంట్లో ఎవరుంటే వాళ్లు, కోడలైనా, పదోతరగతి పిల్లైనా, ఎవరినీ అడగకుండా 108కి ఫోన్ చేయొచ్చు. కొంత డబ్బు ఆడవాళ్ల చేతిలోనే ఉండాలి, బ్యాంకులో కాదు. తోడు ఎవరు పోవాలి, బర్రెలకు గడ్డి ఎవరు వేయాలి, పిల్లలు ఎవరింట్లో ఉండాలి, పక్కింటి వాళ్లతో కూడా ముందే మాట్లాడి పెట్టుకోండి. ఆసుపత్రికి పోదామంటే "గొర్రెల్ని ఎవరు చూస్తారు" అని ఆగిపోయినవాళ్లు ఉన్నారు. వాళ్లకు అది సాకు కాదు, బతుకుతెరువు.

ఆడవాళ్లు తమ జబ్బును తామే వాయిదా వేసుకుంటారు. తెల్లబట్ట, అధిక రక్తస్రావం, రొమ్ములో గడ్డ, ఇవి చెప్పుకోవడానికి సిగ్గుపడి సంవత్సరాలు గడిపేస్తారు. అమ్మా, అక్కా, రొమ్ములో గడ్డ నొప్పి పెట్టకపోయినా చూపించుకోండి. నొప్పి లేదంటే భయం లేదని కాదు.

5. కాన్పుకు చోటు ఏడో నెలలోనే నిర్ణయించండి

కాన్పు అంటే పుట్టింటికి పోవడం మన ఆనవాయితీ. కాబట్టి అత్తగారి ఊరి లెక్క పనికిరాదు, పుట్టింటి ఊరికి మళ్లీ వేరే కాగితం రాయాలి. తల్లీబిడ్డల కార్డు, స్కాన్ రిపోర్టులు వెంట పంపండి, అక్కడి ఏఎన్ఎమ్‌కు కబురు చెప్పండి.

అంతా సవ్యంగా ఉంటే పీహెచ్‌సీలోనో సీహెచ్‌సీలోనో కాన్పు చేయించుకోవచ్చు. బీపీ 140/90 దాటినా, హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గినా, ముందు సిజేరియన్ అయినా, కవలలైనా, బిడ్డ అడ్డం తిరిగి ఉన్నా రక్తం, మత్తు డాక్టరు, పసిపిల్లల వార్డు మూడూ ఉన్న ఆసుపత్రే పెట్టుకోండి. నెలలు నిండే ముందే ఆ ఊళ్లో చుట్టాలింటికి చేరితే ఇంకా మంచిది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరు పరీక్షలు ఉంటాయి, ఆ రోజు "కాన్పు ఎక్కడ పెట్టుకోమంటారు" అని సూటిగా అడగండి. అదే గ్రూపు రక్తం ఇచ్చే ఇద్దరు బంధువుల ఫోన్ నంబర్లు రాసి ఉంచండి. కాన్పయ్యాక తల్లీబిడ్డను ఇంటికి దింపే ప్రభుత్వ బండి కూడా ఉంది, ఆసుపత్రిలో అడగండి.

6. డబ్బు, కార్డు

2007లో ఆరోగ్యశ్రీ మొదట మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఇప్పుడు దాన్ని ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, ఊళ్లో ఇంకా ఆరోగ్యశ్రీ అనే అంటారు. కార్డు ఉంటే అన్నీ ఉచితం అనుకోవడమే పెద్ద చిక్కు. ఒక ఆసుపత్రికి గుండె ఆపరేషన్లకు అనుమతి ఉండి ఎముకల ఆపరేషన్లకు ఉండకపోవచ్చు. అందుకే బయలుదేరే ముందు 104కి ఫోన్ చేసి, ఈ జబ్బుకు ఈ ఆసుపత్రిలో కార్డు చెల్లుతుందా అని అడగండి. చేరిన వెంటనే డబ్బు కౌంటర్ కంటే ముందు, ఈ కార్డు పనులు చూసే వైద్య మిత్ర డెస్కు దగ్గరికి పోండి. కార్డు మీద చేరాక విడిగా డబ్బు అడిగితే రశీదు అడగండి, ఇవ్వకపోతే మళ్లీ 104కే చెప్పండి.

ప్రైవేటు ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ముందే మూడు అడగండి: జబ్బు ఏమిటి, ఇక్కడే నయం చేయగలరా లేక పైకి పంపాల్సి వస్తుందా, మొత్తం ఎంతవుతుంది. రెండో ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే అక్కడ ఆగకండి. పొలం కుదువపెట్టి తెచ్చిన డబ్బు మొదటి చోటే అయిపోవడం నేను చూసినంతలో చాలా ఇళ్లలో జరిగిన కథ.

7. బయలుదేరేటప్పుడు, చేరాక

108కి ఫోన్ చేస్తే ఊరి పేరుతో పాటు మండలం చెప్పండి. కొత్తపల్లి అనే పేరుతో ఎన్ని ఊళ్లున్నాయో మనకు తెలుసు. బడి, గుడి, వాటర్ ట్యాంకు ఏదో ఒకటి గుర్తు చెప్పండి. దారి బాగా లేకపోతే మీరే బండిలో మెయిన్ రోడ్డు దాకా ఎదురు పోండి. ఆధార్, కార్డు, పాత చీటీలు, ఇప్పుడు వాడుతున్న మాత్రలు, ఫోన్ చార్జర్, ఒక దుప్పటి, ఒక చెంబు ఒకే సంచిలో ఎప్పుడూ సిద్ధంగా ఉంచండి.

పీహెచ్‌సీ నుంచి పైకి పంపితే ఏ మందు ఎన్ని గంటలకు ఇచ్చారో రాసిన చీటీ తీసుకోకుండా కదలకండి. పెద్దాసుపత్రిలో ప్రాణాపాయమైతే ఓపీ లైన్లో నిలబడొద్దు, నేరుగా క్యాజువాలిటీ. మామూలు జబ్బుకైతే తొలి బస్సుకు బయలుదేరి ఉదయమే ఓపీ చీటీ తీసుకోండి. వరండాలో రద్దీ చూసి భయపడకండి. రాత్రంతా డ్యూటీలో డాక్టర్లు ఉండేది, రక్తం, స్కాన్, ఆపరేషన్ థియేటర్ ఒకే ఆవరణలో దొరికేది అక్కడే. "మా ఇష్టంతో తీసుకుపోతున్నాం" అని సంతకం పెట్టే ముందు డ్యూటీ డాక్టరును పక్కకు పిలిచి, ఉంచితే ఏమవుతుంది, తీసుకుపోతే ఏమవుతుంది అని అడగండి.

8. ఏళ్ల తరబడి ఉండే జబ్బులు

బీపీ, షుగర్, ఫిట్స్, టీబీకి దూరపు పెద్ద డాక్టరు కంటే, నెలనెలా మాత్ర అందే దగ్గరి చోటు ముఖ్యం. ఒకసారి పెద్దాసుపత్రిలో చూపించుకుని, ఆ చీటీ విలేజ్ క్లినిక్‌లో ఇస్తే అక్కడే బీపీ, షుగర్ చూసి మందులు ఇస్తారు. బాగుందని మానేయకండి, బీపీ మాత్ర మానేయడమే చాలా పక్షవాతాలకు మూలం. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష ప్రభుత్వంలో ఉచితం, టీబీ అని తేలితే మందులూ ఉచితమే. సుగ్గికి పోయేవాళ్లు బయలుదేరే వారం ముందే ఏఎన్ఎమ్‌కు చెప్పి తిరిగి వచ్చేదాకా సరిపడా బీపీ, షుగర్ మాత్రలు అడగండి. టీబీ మందులు వాడేవాళ్లు ఏ ఊరికి పోతున్నదీ చెబితే, అక్కడి ఆసుపత్రిలోనే మందు అందేలా పేరు మార్పిస్తారు. చీటీని ఫోన్‌లో ఫోటో తీసి, ఫోటోతో పాటు అసలు కాగితం కూడా వెంట తీసుకుపోండి.